కాజాల కొండల్, రెండు రకాల గోలీలు

మా బాపు కాజాలు కుట్టేవాడు. బట్టలు కాదు, కాజాలు మాత్రమే. ఆయన పేరు కొండల్. మొఘల్‌పురా గల్లీల్లో ఉత్త కొండల్ అని అడిగితే ఎవరూ చెప్పేవాళ్ళు కాదు, కాజాల కొండల్ అంటేనే చెయ్యి చాపి దుకాణం చూపించేవాళ్ళు. షేర్వానీని ఒకరు కత్తిరిస్తారు, ఒకరు కుడతారు, ఒకరు జరీ పని చేస్తారు. అందరి చేతులూ దాటాక చివరికి అది మా బాపు ఒళ్ళోకి వచ్చేది. గుండీలు పట్టే సన్నటి రంధ్రాలు కోసి, వాటి అంచుల చుట్టూ పట్టుదారంతో కుట్టడం ఆయన పని.

పోయిన చలికాలం ఆయన గుండె నిద్రలోనే ఆగిపోయింది. అప్పటి నుంచి పెళ్ళిళ్ళలో ఎవరైనా షేర్వానీ వేసుకుని ఎదురైతే నా చూపు ముఖం మీదికి కాకుండా గుండీల మీదికి పోతుంది. మిషన్ కాజా అయితే చూపు తిప్పుకుంటాను. చేతి కాజా కనిపిస్తే మాత్రం అక్కడే నిలబడిపోతాను.

సైదాబాద్‌లో మా ఇల్లంతా బర్రెల వాళ్ళే. బాపు అన్న బాలరాజ్ పెదనాన్న సదర్ పండుగకు దున్నపోతును అద్దంలా నిగనిగలాడేట్టు తోమి, కొమ్ములకు నెమలీకలు కట్టి ఊరేగించేవాడు. ఆ ఇంట్లో పుట్టి సూది పట్టుకున్నది బాపు ఒక్కడే. మొఘల్‌పురాలో షేర్వానీలు కుట్టే దస్తగీర్ చాచా వాళ్ళ దుకాణానికి పాలు పోయడానికి పోయి, అక్కడ కాజాలు కుట్టే ముసలాయన పక్కన కూర్చుని, మళ్ళీ బర్రెల దగ్గరికి రాలేదట. "వీనికి పాలకన్న దారం తెల్లగ కనబడ్డది" అని పెదనాన్న ఎప్పుడూ ఎగతాళి చేసేవాడు.

బాపు కూర్చునే చోటు నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది. గడప పక్కన, వెలుతురు పడే వైపు, చాప మీద ఒక మోకాలు పైకెత్తి కూర్చునేవాడు. సూది గుచ్చుకోకుండా వేలికి ఇత్తడి అంగుస్తానా. పక్కన మైనం ముద్ద, చిన్న ఉలి, సుత్తి, చింతచెక్క దిమ్మె. దారాన్ని మైనం మీద గుంజినప్పుడు సన్నగా ఒక చప్పుడు వచ్చేది. బడి నుంచి నేరుగా దుకాణానికి పోయిన రోజుల్లో ఆ చప్పుడు వింటూ చాప మీదే నిద్రపోయేదాన్ని.

కుట్టు తప్పు పడితే విప్పి మళ్ళీ కుట్టుకోవచ్చు. కాజా అట్లా కాదు. ఉలి దింపాక బట్ట తెగిపోతుంది, అది మళ్ళీ అతుక్కోదు. పైగా అప్పటికే అది పదిమంది కష్టపడ్డ బట్ట. అందుకని ఉలి పెట్టేముందు బాపు ఊపిరి బిగబట్టేవాడు. ఆ క్షణం దుకాణంలో ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు.

నేను ఇంటర్ చదివే రోజుల్లో బాపుకు నిద్ర కరువైంది. రాత్రింబగళ్ళు మాటలే. సైదాబాద్‌లో ఆడవాళ్ళందరికీ కాజాలు నేర్పిస్తానన్నాడు, దుబాయి షేకులకు మన కాజాలు పంపిస్తానన్నాడు. కళ్ళు మెరిసేవి, ఎన్నడూ పాడనివాడు పాటలు పాడేవాడు. మొదట్లో అమ్మ మురిసిపోయింది కూడా. బాపు ఎప్పుడూ మూడు మాటలు దాటని మనిషి మరి.

ఒక పొద్దున దస్తగీర్ చాచా దుకాణానికి వచ్చేసరికి బాపు అప్పటికే లోపల పనిలో ఉన్నాడు. ముందు రోజు తాళంచెవి అడిగి తీసుకున్నాడట. బార్కస్ బస్తీ పెళ్ళికొడుకు షేర్వానీ ఆయన ఒళ్ళో ఉంది. ముందు భాగంలో ఉండాల్సిన కాజాలు ఉన్నాయి. మెడపట్టీ మీద కూడా ఉన్నాయి. చేతుల పొడవునా, వెనక వీపు మీద, కింద అంచు చుట్టూ పూలదండలా ఎక్కడ చూసినా కాజాలే.

కబురు అంది నేను వచ్చేసరికి గల్లీ అంతా మూగి ఉంది, కొందరు నవ్వుతున్నారు. చాచా మాత్రం నవ్వలేదు. చాపమీద కూర్చుని ఒక్కో కాజా మీద వేలు పెట్టి తడిమి చూశాడు.

"అరే కొండల్ మియా, ఇంత మంచిగ నువ్వు ఎన్నడు కుట్టలే గదా" అన్నాడు మెల్లగా.

ఆ మాటకు బాపు ముఖం వెలిగిపోయింది. నేను ఆ వెలుగు చూసి ఏడ్చాను.

పెళ్ళివాళ్ళకు చాచా ఏం చెప్పుకున్నాడో, వేరే షేర్వానీ ఎట్లా సర్దాడో మాకు చెప్పలేదు. రెండు రోజుల తరువాత ఇంటికొచ్చి అమ్మతో అన్నాడు: "ఆండాలమ్మా, గాలి గీలి అని తిప్పకుండ్రి. మా ఇంటామె చెల్లెలికి గిట్లనే అయితే మలక్‌పేటల ఒక డాక్టరమ్మ బాగు చేసింది. రేపు పొద్దుగాల నేనే ఆటో తెస్త."

డాక్టర్ ఫర్హీన్ క్లినిక్ రేస్‌కోర్సు గోడ వెనక ఒక మేడ మీద ఉండేది. ఆమె బాపును చాలాసేపు మాట్లాడనిచ్చింది. తరువాత దీన్ని బైపోలార్ అంటారని, మనసు కొన్నాళ్ళు హద్దు దాటి పైకి పోతుందని, కొన్నాళ్ళు అడుగుకు దిగిపోతుందని చెప్పింది.

"పైకి పోతే మస్తుంటది మేడమ్. దానికి మందెందుకు? కిందికి దిగినప్పుడు ఇయ్యుండ్రి చాలు" అన్నాడు బాపు.

"ఎంత పైకి పోతే అంత కిందికి పడతవు కొండల్. రెండిటికీ కలిపే ఇస్త."

ఆమె రాసిన గోలీ లిథియం. నీళ్ళు బాగా తాగాలని, ఉప్పు ఎప్పటిలాగే తినాలని, అప్పుడప్పుడు రక్తం పరీక్ష చేయించాలని బాపుకు చెప్పింది. అప్పటికే ఇచ్చిన ఇంజెక్షన్‌కు బాపు సగం నిద్రలో తలూపుతున్నాడు. అమ్మ, చాచా కింద మందుల దుకాణం దగ్గర నిలబడి ఉన్నారు, నేను కాలేజీలో ఉన్నాను.

మా ఇంట్లో మందు అంటే పత్యం. కామెర్లకు పత్యం, కాలు విరిగితే పత్యం, బాలింతకు పత్యం. డాక్టరు చెప్పినా చెప్పకపోయినా గోలీ ఇంట్లోకి వస్తే చింతపండు, వంకాయ, కారం పక్కకు పోయేవి. ఇది పిచ్చిని ఆపే గోలీ, అంటే అన్నిటికన్నా పెద్ద మందు. కాబట్టి పెద్ద పత్యం. అమ్మ ఉప్పు డబ్బానే అటక మీద పెట్టేసింది. ఉప్పులేని పెసరపప్పు, ఉప్పులేని బీరకాయ. బాపు ఒక్కడే ఆ తిండి తింటుంటే తనకు ముద్ద దిగదని తనూ అదే తినేది. నాకు మాత్రం అటక మీంచి ఉప్పు దించి విడిగా వండేది.

బాపు టిఫిన్ డబ్బాలో పప్పు ఒకసారి చాచా నోట్లో పెట్టుకుని చూశాడట. "క్యా మియా, ఇది పప్పా, బట్టలు తడిపిన నీళ్ళా?"

"పత్యం భాయ్. మా ఆండాలు దవాఖాన ఇది" అని బాపు గిన్నె తుడుచుకుని తిన్నాడట.

నెల తిరిగేసరికి బాపు మాటలు తగ్గాయి, నిద్ర వచ్చింది. మనిషి మళ్ళీ మా మనిషి అయ్యాడని సంతోషపడే లోపల చేతులు వణకడం మొదలైంది. ముందు చాయ్ సాసర్‌లోకి తొణికింది. తరువాత సూదిలో దారం ఎక్కలేదు. సన్నటి వణుకు కాదది, మోచేతుల నుంచి కదిలేది. దాహం, వాంతులు. ఒకరోజు గల్లీలో తూలుకుంటూ వస్తుంటే, జన్మలో కల్లు ముట్టని మనిషిని చూసి "కొండల్ కూడ షురూ చేసిండు" అని జనం నవ్వారట. మరునాడు మంచం మీంచి లేవలేకపోయాడు.

దగ్గరలోని నర్సింగ్‌హోమ్‌లో గోలీ ఆపి, సెలైన్ ఎక్కించారు. రెండు రోజుల్లో కోలుకున్నాడు. సెలైన్ అంటే ఉప్పునీళ్ళేనని అప్పుడు మాలో ఎవరికీ తట్టలేదు.

రక్తంలో లిథియం ఉండాల్సిన దానికన్నా చాలా ఎక్కువ ఉందని రిపోర్టు వచ్చింది. ఫర్హీన్ మేడమ్ అడగాల్సినవి అడిగింది. నీళ్ళు తాగుతున్నాడా? బిందెలకు బిందెలు. నొప్పుల గోలీలు ఏమైనా వేసుకున్నాడా? లేదు. తిండి? "టైముకు పెడ్తున్న మేడమ్, ఒక్క పూట తప్పలే" అంది అమ్మ. పత్యం డాక్టరుకు చెప్పే సంగతని అమ్మకు తోచలేదు. గోలీ వేసుకుంటే నీళ్ళు తాగుతామని ఎవరైనా డాక్టరుకు చెప్తారా?

"కొందరికి ఇది పడదు" అని మేడమ్ గోలీ మార్చింది. ఈసారి వాల్‌ప్రోయేట్. ఇది కూడా మనసు పైకి పోకుండా పట్టే మందేనని, పని ఒకటే అయినా దారి వేరని చెప్పింది.

దీనితో చేతులు నిలబడ్డాయి. బాపు మళ్ళీ చాప మీదికి పోయాడు. కొంచెం లావయ్యాడు, దువ్వెనకు జుట్టు వచ్చేది, పొద్దున లేపడం కష్టమయ్యేది. అయినా సూదిలో దారం ఎక్కింది కదా, మాకు అదే పండుగ.

ఆ రోజుల్లో దుకాణంలో వాళ్ళిద్దరూ గోలీల గురించి దారాల గురించి మాట్లాడుకున్నట్టే మాట్లాడుకునేవాళ్ళు.

"మొదటిది పట్టుదారం భాయ్" అనేవాడు బాపు. "గట్టిగ పట్టుకుంటది, గని చెయ్యి కోస్తది. ఇది నూలు దారం. చేతికి మెత్తగుంటది, గుంజితే సాగుతది."

"రెండు నక్కో అంటే?"

"వద్దంటే నీ దుకాణంల షేర్వానీలు ఉండయి, ఉత్త కాజాలే ఉంటయి."

చాచా కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వేవాడు. ఆ షేర్వానీ గురించి ఇంట్లో మేము గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళం. దుకాణంలో మాత్రం దాని మీద రోజుకొక జోకు నడిచేది. అట్లా నడవబట్టే బాపు మళ్ళీ ఆ గడప తొక్కగలిగాడని ఇప్పుడు అనిపిస్తుంది.

నూలు దారం సాగనే సాగింది. మళ్ళీ పైకి పోలేదు గానీ, ఆ ఏటి చలికాలం బాపు కిందికి జారాడు. పొద్దున్నే దుకాణానికి పోయి, దారం ఎక్కించుకుని, సూది పట్టుకుని అట్లనే కూర్చునేవాడు. మధ్యాహ్నం దాకా అదే కూర్చోవడం. కొన్నాళ్ళకు పోవడం కూడా మానేశాడు. గోడ వైపు తిరిగి పడుకునేవాడు.

చాచా ఇంటికి వచ్చి పక్కన కూర్చున్నాడు. కోపం తెప్పించి లేపుదామనుకున్నాడు. "సునో మియా. నీ కాజాలు ఇయ్యాల మిషన్‌కు ఇచ్చిన."

"మంచి పని చేసినవు భాయ్" అన్నాడు బాపు, గోడ వైపు నుంచే.

చాచా లేచి నిలబడ్డాడు. మిషన్ కాజా అంటే ఇంతెత్తున లేచే మనిషి, అది కాజా కాదు చిరుగు అని తిట్టే మనిషి! బయటికొచ్చి చెప్పులు వేసుకుంటూ నాతో అన్నాడు: "బిడ్డా, చేతులు వచ్చినయి గని మీ బాపు వస్తలేడు. మేడమ్ దగ్గరకు తీస్కపోదాం."

ఈసారి నేను కూడా పోయాను. ఫర్హీన్ మేడమ్ దాచకుండా విప్పి చెప్పింది. వాల్‌ప్రోయేట్ ఎక్కువగా పైకి పోవడాన్ని ఆపుతుంది. కిందికి దిగిపోకుండా చూడటంలో, జబ్బు మళ్ళీ మళ్ళీ రాకుండా చూడటంలో లిథియానికి ఎక్కువ పేరు. క్వెటియాపిన్ అని ఇంకొకటి ఉంది, రెండువైపులా పనిచేస్తుంది గానీ అసలే నిద్రమత్తులో ఉన్నవాణ్ణి ఇంకా మత్తులో పడేస్తుందేమో. లామోట్రిజిన్ అని మరొకటి, దిగులుకు మంచిది, మెల్లమెల్లగా పెంచాలి, ఒంటి మీద దద్దుర్లు వస్తే వెంటనే ఆపాలి. "ఫలానాది గొప్పది, ఫలానాది తక్కువది అని లేదు. ఎవరి ఒంటికి ఏది పడుతదో చూడాలె. లిథియం పడి ఉంటే నేను మార్చేదాన్నే కాదు" అంది.

తరువాత అమ్మ వైపు తిరిగింది. "ఆండాలమ్మా, గోలీలు మానేస్తున్నడా మధ్య మధ్య? నిజం చెప్పు."

అమ్మకు రోషం వచ్చింది. "నా ఎదురుంగనే వేస్కుంటడు మేడమ్! ఒక్కనాడు తప్పలే. నేను చేసినట్టు ఎవలు చెయ్యరు. మొదటి గోలీ ఇచ్చిన్నాటి నుంచి ఇప్పటిదాక ఇంత ఉప్పుకల్లు ముట్టనియ్యలే!"

మేడమ్ చేతిలో పెన్ను ఆగిపోయింది.

"ఏమన్నవు?"

"పత్యం మేడమ్" అంది అమ్మ, ఇంకా గర్వంగానే. "నేను గూడ తింటలేను."

మేడమ్ పెన్ను కింద పెట్టింది. కోప్పడలేదు. ఒంట్లో ఉప్పు తగ్గితే మూత్రపిండాలు ఉప్పు పోనట్టే లిథియాన్ని కూడా పోనియ్యవని, అట్లా అది రక్తంలో పేరుకుపోయి విషమైందని మెల్లగా చెప్పింది. మందు పడక కాదు, దానికి కావాల్సిన ఉప్పును మేమే అటకెక్కించాం.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నా చేత్తోనే పెట్టిన్నా?" అని ఒక్క మాట అంది. అన్ని నెలలుగా నవ్వని బాపు అప్పుడు తలెత్తి ఆమెను చూశాడు. "నువ్వు గూడ తింటివి గదనే, నాతోని" అన్నాడు. ఆయన గొంతులో ఆ మెత్తదనం విని చాలా కాలమైంది.

"మళ్ళీ లిథియం మొదలుపెట్టొచ్చు. కొద్దికొద్దిగ, రక్తం చూసుకుంటూ" అంది మేడమ్. "లేదంటే ఇప్పటిదానికే ఇంకోటి కలుపుదాం. నువ్వు చెప్పు కొండల్."

"దాంతోని చేతులు మునుపటి తీరు ఉంటయా?"

"ఉండకపోవచ్చు. అప్పటంత వణుకు రాదు, గని సన్నగ ఉంటే ఉండొచ్చు. గోలీ రాత్రిపూటకు మారిస్తే పగలు కొంచెం నయం. నీ పనికి అది సరిపోతదో లేదో నేను చెప్పలేను."

బాపు తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. ఆ చేతులే ఆయన పేరు, ఆయన చాప, ఆయన గల్లీ.

"చెయ్యి వణికితే నాకు తెలుస్తది మేడమ్" అన్నాడు చివరికి. "ఆపుకుంట, లేకుంటే పని పక్కకు పెడ్త. మనసు వణికితే నాకు తెలుస్తలేదు. పాతదే ఇయ్యుండ్రి."

ఆ ఎండాకాలం నాటికి దిగులు మెల్లగా విడిచింది. వణుకు మేడమ్ చెప్పినట్టే సన్నగా ఉండిపోయింది. బాపు చింతచెక్క దిమ్మెను మోకాలి మీద పెట్టుకుని, మణికట్టు దానికి ఆనించి కుట్టడం అలవాటు చేసుకున్నాడు. మూలన పడ్డ గుడ్డముక్కలన్నీ కాజాలతో నిండాయి. మంచి బట్ట జోలికి మాత్రం పోలేదు. చాచా ఇవ్వబోయినా "ఇంకా కాలే భాయ్" అనేవాడు.

రంజాన్ పోయాక చాచా కొడుకు ఉజైర్ పెళ్ళి కుదిరింది. బాదం రంగు పట్టు షేర్వానీ. చాచా స్వయంగా కుట్టాడు. అన్నీ అయ్యాక తెచ్చి బాపు ఒళ్ళో పెట్టాడు. ఆ మధ్యాహ్నం నేనూ అమ్మా అన్నం డబ్బాతో అక్కడే ఉన్నాం.

"వద్దు భాయ్. పిల్లగాని పెండ్లి. పాడైతే?"

"పాడైతే నా కొడుకు బనీన్ మీద నిఖా చేసుకుంటడు. కుట్టు."

షేర్వానీ సరిచూసుకోవడానికి వచ్చిన ఉజైర్ గడపలో నిలబడి "కొండల్ చాచా, వెనక గూడ రెండు పెట్టు, గాలి ఆడుతది" అన్నాడు. చాచా కొట్టడానికి లేచాడు. బాపు పగలబడి నవ్వాడు. "నీకు తోక మొలిస్తే చెప్పు బేటా, దానికొకటి పెడ్త."

నవ్వి నవ్వి, సుద్దతో గీత గీసి, దిమ్మె మీద బట్ట పరిచి, ఉలి పెట్టాడు. చెయ్యి వణికింది. ఎత్తి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ వణికింది. బాపు కళ్ళు మూసుకోలేదు, దేవుణ్ణి తలచుకోలేదు. మణికట్టును మోకాలికి అదిమిపెట్టి, వణుకు తగ్గేదాకా ఓపిగ్గా ఆగాడు, వాన వెలిసేదాకా చూరు కింద నిలబడినట్టు. తగ్గగానే సుత్తితో కొట్టాడు.

సాయంత్రానికి అన్నీ అయ్యాయి. చాచా అద్దాలు పెట్టుకుని వెలుతురుకు పట్టి పైనుంచి కిందికి చూశాడు. బాపు ఆగలేకపోయాడు.

"మూడోది జరంత వంకరున్నది. చూసినవా?"

"చూసిన."

"మరి?"

"గుండీ పెడితే కనబడది."

"కనబడుతది భాయ్."

"నీకు, నాకు" అన్నాడు చాచా. అద్దాలు తీసి, "మునుపు లెక్క లేదు కొండల్. అబద్ధమెందుకు చెప్పాలె. గని ఇసోంటి కాజా ఈ గల్లీల ఇంకెవ్వడు కుట్టడు" అన్నాడు.

చాచా షేర్వానీ మడత పెట్టి పక్కన ఉంచి, వెనక్కి చెయ్యి చాపి, తాడుకు వేలాడుతున్న, ఇంకా కాజాలు పడని నల్లటి అచ్కన్ కోటు ఒకటి దించాడు. దాన్ని బాపు ఒళ్ళోకి విసిరేశాడు.

"ఇది జుమ్మా నమాజ్‌కు కావాలె. చాయ్ తాగి షురూ చెయ్."

బాపు దారాన్ని మైనం మీద గుంజాడు.